అరగని పడవ

లిఫ్టు మెకానిక్ అలిసిపోయాడు. ఒక రాత్రి పడుకుంటే పొద్దున్నకి పోయే అలసట కాదది. పాతికేళ్ళుగా జనాన్ని పైకీ కిందికీ తిప్పే పెట్టె నెత్తిమీద నూనె డబ్బా పట్టుకుని కూచున్న మనిషి. బాగా నడుస్తున్న లిఫ్టు గురించి ఎవరూ ఫోన్ చెయ్యరు. చేసిన ప్రతివాడూ తిట్టడానికే చేస్తాడు. అలాంటి పని మనిషికి ఓర్పు నేర్పుతుందని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ చీకటి గొట్టంలో మోకాళ్ళ మీద కూచున్నవాళ్ళు కారు.

అతని భార్య సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ అలసట ఇంకో రకం. పొద్దున్న బయల్దేరిన చోటికే సాయంత్రం చేరడం, నిన్న ఆగిన చోటల్లా ఇవాళ మళ్ళీ ఆగడం. పిల్లలిద్దరూ తమ కాళ్ళ మీద తాము నిలబడ్డాక, ఒకనాడు భోజనాల దగ్గర ఆవిడే అంది: "ఏమండీ, ఒక్క ఏడాది. స్టాపుల్లేకుండా ఎటైనా పోదాం."

ఇద్దరూ ఏడాది సెలవు పెట్టారు. మంజూరైంది కూడా. తెరచాప పడవ నడపడం అంతకుముందే పడవల క్లబ్బులో నేర్చుకున్నారు. ఇక కావలసింది పడవ. పడుకోవడానికి రెండు బల్లలు, వండుకోవడానికి ఒక పొయ్యి ఉండి, తీరం వెంట ఊళ్ళు దాటి పోగల పాత తెరచాప పడవైతే చాలు. అక్కడే కథ అడ్డం తిరిగింది. చూసిన ప్రతి పడవలోనూ అతను ఏదో ఒక లోపం పట్టుకునేవాడు. ఒకదాని అడుగున చెమ్మ. ఒకదాని తాళ్ళు పీచులేచాయి. ఇంకోదాని ఇంజను దగ్గింది. సెలవు కరిగిపోతూ ఉంది. వాళ్ళింకా రేవుల వెంట నడుస్తూనే ఉన్నారు.

"ఇదే ఆఖరు," అంది ఆవిడ కారు దిగుతూ. "ఇదీ కుదరకపోతే సోమవారం పోయి డ్యూటీలో చేరిపోతా. నా మొహాన ఆ బస్సే రాసిపెట్టి ఉందనుకుంటా."

"అలా అనకు. చూద్దాం."

"చూడ్డమే గదా మన పని. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని చూసుండరు మీరు."

పడవ యజమాని రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఒంటరి మనిషి. ఇస్త్రీ చొక్కాతో, రేవు చెక్కల మీద ఈల వేస్తే కదిలేవాడిలా నిటారుగా నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు రెండూ పోయాయి, ఎక్కి దిగలేక అమ్ముతున్నాడు. ధర మాట ఫోన్లోనే తేలిపోయింది.

లిఫ్టు మెకానిక్ లోపలికి దిగాడు. వంగి చూశాడు, పాకి చూశాడు, టార్చి వేసి చూశాడు. మూలల్లో వేలు పెట్టి రాస్తే వేలికి దుమ్ము అంటలేదు. ఇంజను మూతలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. తాళ్ళన్నీ ఒకే దిక్కుకి చుట్టి ఉన్నాయి. పొయ్యి మీద మసి మచ్చ లేదు. పరుపుల మీద మనిషి పడుకున్న గుంట లేదు. తను ముట్టుకోకముందే ఇంకెవరో చక్కగా చూసుకున్న వస్తువును అతను చూడడం అదే మొదలు.

"దీని మీద ఎక్కడెక్కడ తిరిగారు మాస్టారూ?" పైనుంచి భార్య గొంతు వినబడింది.

"తిరగడమంటే..." మాస్టారు కాస్త తడబడ్డాడు. "ప్రతి ఏడూ బయల్దేరదామనే అనుకునేవాణ్ణమ్మా. ఏదో ఒక్క పని మిగిలిపోయేది. ఒక ఏడు వార్నిషు, ఒక ఏడు చుక్కాని బోల్టులు. అవి చేసేలోపు మంచి గాలులు వెళ్ళిపోయేవి."

ఆవిడ మొగుడి వంక చూసింది. మొగుడు ఆ వార్నిషుని అరచేత్తో నిమురుతున్నాడు.

శ్రద్ధ గొప్ప గుణమని చిన్నప్పట్నుంచీ అందరికీ నూరిపోస్తారు. ఎంత శ్రద్ధ చాలు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

నడిపి చూడందే కొనకూడదు కాబట్టి ముగ్గురూ బయల్దేరారు. మాస్టారిని చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. రేవు దాటాక ఇంజను ఆపి తెరచాప ఎత్తితే, మడతలు విప్పుకుంటూ కొత్త గుడ్డలా పటపటలాడింది. చుక్కాని ఆవిడ పట్టుకుంది. గాలి లేదు. పడవ ఉన్నచోటే ఊగుతోంది. ఊగినప్పుడల్లా ముందు వైపు ఒక కప్పీ కిర్రుమంటోంది. చిన్న తెరచాపకి వాడే కప్పీ అది. ఆ పూట దాంతో పనే లేదు.

"విన్నారా?" అన్నాడు మెకానిక్.

"విన్నా బాబూ." మాస్టారు దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు. "మొన్ననే నూనె వేశాను."

"నూనెతో పోయేది కాదు. ఇరుసు పక్కకి జరిగుంటుంది."

"వాషరు మార్చాలంటావా?"

"విప్పితే గాని చెప్పలేను."

ఇద్దరూ దాని మీద బోర్లా పడ్డారు. మాస్టారు మోకాళ్ళ సంగతే మర్చిపోయాడు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తిప్పారు. మధ్యలో పడవ ఒక పక్కకి గట్టిగా ఒరిగింది. వాషరు దొర్లిపోయి మెకానిక్ చొక్కాలో పడింది. "కాస్త నిదానంగా పోనీ!" అని తలెత్తకుండానే అరిచాడు. నీళ్ళు మొహం మీద చిందితే మోచేత్తో తుడుచుకున్నాడు. చివరికి కప్పీ నోరు మూసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వి, తలలెత్తారు.

తెరచాప వేలాడుతోంది. చుక్కాని దగ్గర ఆవిడ జుట్టంతా రేగి ఉంది. బుగ్గల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది.

"గాలి ఎప్పుడొచ్చింది?" అన్నాడు మెకానిక్.

"వచ్చింది, పోయింది. అదుగో, ఆ లైట్‌హౌసు చుట్టూ తిరిగొచ్చాం."

"పిలవచ్చు గదా!"

"పిలిచాను. మీ చెవులకి కప్పీ తప్ప ఇంకేం వినబడితే గదా."

మాస్టారు వెనక్కి తిరిగి లైట్‌హౌసు వంక చాలాసేపు చూశాడు. "కొన్నప్పట్నుంచీ అక్కడిదాకా ఒక్కసారైనా పోవాలనుకున్నానమ్మా," అన్నాడు.

"పోయొచ్చారు మాస్టారూ. చూళ్ళేదంతే."

ఆవిడే పడవని రేవుకి చేర్చింది. తాడు కట్టాక మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ కప్పీ ఒక్కటే కాదు బాబూ, ఇంకో నాలుగు పనులున్నాయి. నెలాఖరుకల్లా చేసేసి అప్పగిస్తాను."

"నిజమే. అన్నీ ఒకేసారి చేసేసుకుంటే..." అంటున్నాడు మెకానిక్.

ఆవిడ సంచీ భుజాన వేసుకుని పడవ దిగింది. కోపంగా దిగి ఉంటే అతనికి బతిమాలుకునే దారి తెలుసు. ఆవిడకి కోపం లేదు. డ్యూటీ దిగి డిపో గేటు దాటేటప్పుడు ఎలా నడుస్తుందో అలా నడుస్తోంది. సోమవారం ఆవిడ బస్సెక్కితే, తను లిఫ్టు మీద కూచుంటే, ఈ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. అది అతనికి ఆ వీపు చూస్తేనే అర్థమైంది.

"వద్దు మాస్టారూ," అన్నాడు గబుక్కున. "ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యండి. ఇవాళే."

"ఇలాగేనా? వార్నిషు..."

"ఇలాగే."

మాస్టారు తాళంచెవి జేబులోంచి తీశాడు గానీ, అతని వేళ్ళు దాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. మెకానిక్ తొందరపెట్టలేదు. ఆ వేళ్ళు తనవే అయినట్టు నిలబడ్డాడు. కాసేపటికి తాళంచెవి చేతిలో పడింది.

ఆవిడ కారు తలుపు తీసి, ఎక్కకుండా ఇటే చూస్తోంది. అతను తాళంచెవి పైకెత్తి చూపించాడు. ఆవిడ తీరిగ్గా వెనక్కి నడిచొచ్చింది.

"మళ్ళీ ఏదో ఒకటి కిర్రుమంటుంది. ఊరుకోగలరా?" అంది.

"తెలీదు."

"ఊరుకుంటానని ఒట్టేసుంటే నమ్మేదాన్ని కాదు." సంచీ పడవలోకి విసిరేసింది. "ఎక్కండి. పొద్దు ఇంకా ఉంది. మీరూ రండి మాస్టారూ. ఈసారి డ్రిల్లు నాది. ఇద్దరూ చేతులు కట్టుకుని కూచోవాలి."

మాస్టారు నవ్వాడు. కూచుని నిజంగానే చేతులు కట్టుకున్నాడు. మెకానిక్ ఎదురుగా చెక్కకి వీపు ఆనించాడు. అతని కుడిచెయ్యి కాసేపు ఊరికే తెరుచుకుని మూసుకుంది. రేవు వెనక్కి పోయింది. నీళ్ళు నల్లగా ముడతలు పడి తెరచాపలోకి గాలి వచ్చేసరికి అతని తల ఒక పక్కకి వాలిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది.

మాస్టారు అతన్ని తట్టి లేపబోయాడు. ఆవిడ వద్దని తలూపి, పడవ మరీ ఒరగకుండా తెరచాప తాడు కొంచెం వదులు చేసింది.