వెంకటముని మోసిన శిఖరం

బంగారుపాళ్యంలో హైవే పక్కన బోర్డులు రాసే వెంకటమునికి యాభై ఏడేళ్లు. ముప్పై ఏళ్లుగా మామిడి మండీలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు, పళ్ల డాక్టర్లకు, సమాధిరాళ్లకు అక్షరాలు రాస్తున్నాడు. ఫ్లెక్సీలు వచ్చి పని సగానికి పడిపోయినా, తన చేతిరాత మీద ఆయనకున్న గౌరవం మాత్రం పిసరంత తగ్గలేదు. బోర్డు మీద ఉన్నది నిజమై తీరాలన్నది ఆయన పట్టుదల. ఒకసారి ఎవరో రాయించుకుని తీసుకుపోని 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డును, పారేయడానికి మనసొప్పక, తన ఇంటి గేటుకే తగిలించాడు. ఇంట్లో కుక్క లేదు. ఆ సాయంత్రమే పక్కనున్న మొగిలి ఊరి దాకా పోయి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. భార్య మునిరత్నమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట ఎద్దుమూపు కొండ కమిటీవాళ్లు వచ్చి, కొండ మీద గుహ చూడటానికీ శిఖరం ఎక్కడానికీ జనం వస్తున్నారని, దారి చూపే రేకు బోర్డులు పదకొండు రాయించుకుపోయారు. కావలసిన మాటలు ఒక కాగితం మీద ఇచ్చారు. వెంకటముని అంగట్లో కూర్చుని రాసి ఇచ్చాడు. ఆయన ఆ కొండ ఎక్కలేదు, ఎక్కే అవసరమూ రాలేదు.

ఆగస్టులో మామిడి కోతలు అయిపోయాక, ఒక ఆదివారం పొద్దున చెంగయ్య వచ్చి అంగడి ముందు బండి ఆపాడు. చెంగయ్య ఏడెకరాల తోట ఉన్న రైతు. వెనక పంక్చర్ షాపు దయానంద్ కూర్చున్నాడు. ముగ్గురూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ.

"పదప్పా, నీ బోర్డులు చూసొద్దాం," అన్నాడు చెంగయ్య. "ఊరంతా పోయొచ్చినారు, రాసినోడివి నువ్వే పోలా."

మునిరత్నమ్మ చిత్రాన్నం పొట్లాలు కట్టి ఇచ్చింది. తొమ్మిది గంటలకల్లా కొండ కింద ఉన్నారు.

మొదటి బోర్డు అక్కడే ఉంది. 'గుహకు దారి', కింద కుడివైపుకు బాణం. వెంకటముని తువ్వాలుతో దుమ్ము తుడిచి, రెండడుగులు వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి కాసేపు చూసుకున్నాడు. 'హ' వంపు తను అనుకున్నంత బాగా వచ్చింది. ఆ లోపల చెంగయ్య ఎడమవైపు నడవడం మొదలుపెట్టాడు. అక్కడ జనం నడిచి నడిచి నున్నగా అయిన బాట ఉంది.

"యాడికి పోతా ఉండావు? బాణం ఈ పక్క ఉండాది," అన్నాడు వెంకటముని.

"బాట ఆ పక్క ఉండాది కదప్పా."

"బాట జనం వేసింది. బాణం నేను గీసింది."

ఇద్దరూ ఆయన వెంట కుడివైపు నడిచారు. కంపచెట్లు అడ్డం వచ్చాయి, పంచెలు చిరిగాయి. గంట తరువాత ఒక బోరు షెడ్డు దగ్గర తేలారు. అక్కడ రెండో బోర్డు ఉంది. దాని బాణమూ కుడికే ఉంది. నడిచారు. మూడోదీ కుడికే. దాన్ని పట్టుకుని పోయేసరికి మొదటి బోర్డు వెనకవైపు కనిపించింది.

దయానంద్ రాయి మీద కూర్చుని చెప్పులోని ముల్లు లాగుతూ అడిగాడు. "అన్ని బాణాలూ కుడికే గీసినావా?"

"కాగితంలో బాణం అని మాత్రమే రాసిచ్చినారు. ఏ పక్కకో రాయలా."

"అయితే నువ్వే కుడి అనుకున్నావా?"

"ఎడమ పక్కకు గీస్తే నా చేతికి బాణం ముక్కు సరిగా రాదప్పా," అన్నాడు వెంకటముని నిజాయితీగా.

ఈసారి జనం వేసిన బాట పట్టారు. ఒక మలుపు తిరిగాక బయలులో వింత దృశ్యం కనబడింది. చుట్టూ రాయి లేదు, చెట్టు లేదు, నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. అందులో ఆరుగురు కాలేజీ పిల్లలు చెప్పులు చేత పట్టుకుని, నడుం సగానికి వంచి, వరసగా నడుస్తున్నారు. వాళ్ల వెనక ఒక కుటుంబం, అందులో ముసలామె అందరికంటే ఎక్కువగా వంగి ఉంది. పక్కనే బోర్డు. 'గుహ. చెప్పులు విడువుము. తల తగులును, వంగి నడువుము.'

వెంకటముని కళ్లలో నీళ్లు తిరిగాయి. తను రాసిన మాటను ఇంతమంది ఇంత శ్రద్ధగా పాటించడం ఆయన ఎన్నడూ చూడలేదు. మండీ ముందు 'ఇక్కడ ఉమ్మి వేయరాదు' అని రాస్తే ఆ అక్షరాల మీదే ఉమ్మేవాళ్లు. ఆయన కూడా చెప్పులు తీసి వంగాడు. చెంగయ్య, దయానంద్ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అందరూ వంగినప్పుడు తాము నిలబడితే బాగుండదని వాళ్లూ వంగారు. అట్లా రెండు వందల అడుగులు పోయాక అసలు గుహ వచ్చింది. అది బస్సు దూరేంత ఎత్తు ఉంది. అందరూ నడుములు పట్టుకుని మూలుగుతూ దాంట్లో నిటారుగా నిలబడ్డారు.

లోపల చల్లగా, గబ్బిలాల వాసనగా ఉంది. మేకలు తోలే వరదయ్య ఒక బండ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చిత్రాన్నం పంచుకుంటూ మాటల్లో పడితే, బోర్డులు పాతిన మనిషి తనేనని చెప్పాడు. కమిటీ తనకూ తన తమ్ముడికీ కూలి ఇచ్చి పాతించింది.

"గుహ బోర్డును ఆ బయల్లో ఎందుకు పాతినావు?" అన్నాడు వెంకటముని.

"ఈడంతా రాయి కదన్నా. గుంత ఎట్లా తవ్వేది? మన్ను మెత్తగా ఉండేచోట పాతినాం."

"మరి శిఖరం బోర్డు?"

"అది పైదాకా తీసకపోలేదు. సగం పోయేసరికి మా తమ్ముడికి కాళ్లు పట్టుకున్నాయి. ఆడ్నే మంచి చదును ఉంటే దింపేసినాం. ఇంతవరకూ ఎవురూ ఏమీ అన్లా."

వెంకటముని సగం తిన్న పొట్లం మూసేశాడు. తన చేతిరాతలో ఒక అబద్ధం రెండేళ్లుగా ఎండలో నిలబడి ఉందన్నమాట.

అరగంట ఎక్కితే ఆ చదును వచ్చింది. 'శిఖరం' అని బోర్డు, దాని వెనకే ఇంకా ఇంత కొండ. జనం బోర్డు పక్కన నిలబడి ఫొటోలు తీసుకుని, వెనకున్న కొండవైపు కన్నెత్తి చూడకుండా దిగిపోతున్నారు. వెంకటముని పోయి కంబాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"ఏం చేస్తా ఉండావప్పా?" అన్నాడు చెంగయ్య.

"దీని చోటికి దీన్ని చేరుస్తా."

చెప్పి ప్రయోజనం లేదని చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి వాళ్లూ చేయి వేశారు. చిన్న గుంతలో రాళ్లు పేర్చి నిలబెట్టిందే, ఊడి వచ్చింది. ముందు చెంగయ్య, వెనక దయానంద్, నడుమ వెంకటముని, శవాన్ని మోసినట్టు మోసుకుంటూ ఎక్కారు. ఆయాసం వచ్చి మొదటిసారి ఆగి బోర్డును నిలబెట్టి పట్టుకున్నారు. వెనక ఎక్కి వస్తున్న దంపతులు అది చూసి అక్కడే ఆగిపోయారు.

"ఇంకా పైన కొండ ఉండాదే," అన్నాడు మొగుడు.

"రాసుండారు కదా, ఇంకేం కావాల నీకు," అంది పెళ్లాం. ఫొటో తీసుకుని తృప్తిగా దిగిపోయారు.

రెండోసారి ఆగినప్పుడు తిరుపతి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కోపగించుకున్నాడు. పోయిన సంవత్సరం వస్తే శిఖరం చాలా కింద ఉండిందని, ఈ సంవత్సరం ఇంత పైకి పోయిందేమని అడిగాడు. "ఈ యేడు వానలు బాగా పడినాయి సార్," అన్నాడు దయానంద్. పెద్దాయన ఆలోచించి తల ఊపాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు నిజమైన శిఖరం చేరారు. అదంతా ఒకే బండ. గుంత కాదు కదా, గోరంత సందు లేదు. గాలి ఈడ్చి కొడుతోంది. బోర్డును వదిలితే ఎగిరిపోయేట్టుంది. వెంకటముని దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. వంగి నడిచిన కాలేజీ పిల్లలు అప్పుడే పైకి వచ్చారు. వాళ్లలో నందిని అనే పిల్ల ఆయన్ని తేరిపార చూసింది.

"అంకుల్, మీ డ్యూటీ ఎన్నింటి వరకు?"

"నాకు డ్యూటీ ఏమీ లేదమ్మా. ఇది వదిల్తే పడిపోతాది."

పిల్లలు ఆయన్ని నడుమ పెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు. తరువాత ఇంకెవరో వచ్చారు, ఇంకెవరో. దాదాపు గంటసేపు ఆయన శిఖరాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ గంటలో, చేయగలిగింది ఇంకేమీ లేక, చుట్టూ చూశాడు. హైవే ఒక దారపు పోగులా ఉంది. తోటలు నల్లగా ఉన్నాయి, గుజ్జు ఫ్యాక్టరీ రేకులు తళతళా మెరుస్తున్నాయి. ముప్పై ఏళ్లు తను రాసిన ఊరంతా అక్కడే ఉంది. ఒక్క అక్షరమూ కనబడటం లేదు. ఏ మండీ ఎవరిదో తెలియకపోయినా ఊరు బాగానే ఉంది. అది ఆయనకు కొంచెం బాధగానూ, కొంచెం హాయిగానూ అనిపించింది.

"ఇంక చాలప్పా. ఈడ నిలబడదు ఇది," అన్నాడు చెంగయ్య మెల్లగా.

మళ్లీ మోసుకుని దిగారు. చదును దగ్గర రెండు కుటుంబాలు ఖాళీ గుంత చుట్టూ కూర్చుని ఉన్నాయి. శిఖరం ఇక్కడే ఉండాలని ఎవరో చెప్పారట, గంట నుంచి వెతుకుతున్నారట. బోర్డును చూడగానే లేచి దుస్తులు సర్దుకున్నారు. ముగ్గురూ దాన్ని పాత గుంతలోనే దించి రాళ్లు పేర్చారు.

వెంకటమునికి మనసు ఒప్పలేదు. "అమ్మా, శిఖరం ఇది కాదు. అదో, పైన ఉండాది."

"ఎవురు చెప్పినారు నీకు?" అంది అందులో పెద్దామె.

"ఈ బోర్డు రాసింది నేనే."

"రాసింది నువ్వే, కాదనేదీ నువ్వే. ఇందులో దేన్ని నమ్మమంటావు నాయనా?"

వెంకటముని బోర్డు వంక చూశాడు, తన వంక చూసుకున్నాడు. "బోర్డునే నమ్మండమ్మా," అన్నాడు చివరికి.

మరునాడు చేతులు భుజాలు దాటి పైకి లేవలేదు. మునిరత్నమ్మ నూనె రాస్తూ, దేవుడి కొండకు మొక్కి కాలినడకన పోయినోళ్లు కూడా ఇట్లా రారని అంది. పదకొండు గంటలకు అంగట్లోకి ఒకాయన వచ్చాడు. పేరు జయరావు, కొత్తగా టిఫిన్ సెంటరు పెడుతున్నాడట. నాలుగడుగుల బోర్డు కావాలన్నాడు.

"యాడ పెడతావు?" అన్నాడు వెంకటముని.

"గోడకు తగిలిస్తామన్నా."

"గోడ గట్టిగా ఉండాదా?"

"ఇంకా కట్టలా."

వెంకటముని తెరిచిన పెయింటు డబ్బాకు మళ్లీ మూత బిగించాడు. "కట్టినాక రాప్పా. వచ్చి చూసి రాస్తా."