తెల్ల ఎలుక ఆయాసం

మా ఆయన క్లాంగు పట్నం వెళ్ళినప్పుడు ఒక చీనా ముసలాయన దగ్గర తెల్ల ఎలుకపిల్లను కొని, చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. పేరేమీ పెట్టలేదు. "ఏరా" అంటే జేబులోంచి తల బయటపెట్టేది. మరుసటి ఏడు బంటింగ్ దారిలో రబ్బరు పాల లారీ మీద అడవిలోంచి కాల్పులు జరిగాయి. లారీలో ఉన్న మా ఆయన చనిపోయాడు. అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, అడవిలోని కమ్యూనిస్టులకూ తెల్లదొరల సర్కారుకూ పోరు. మా ఎస్టేటు ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర పోలీసులు. ఇంట్లో నేనూ, మా అత్తా, పెట్టెలో ఎలుకా మిగిలాం.

నేను ఏడవలేదు. అత్త కూడా ఏడవలేదు. తెల్లారగానే రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళం, వచ్చి వండుకు తినేవాళ్ళం.

ఎలుక ముసలిదైంది. ఊపిరి తీస్తే డొక్కలు ఎగిరేవి, లోపల్నించి పిల్లిగురక లాంటి చప్పుడు. ఒకరోజు ముక్కు చుట్టూ ఎర్రగా అంటుకుని ఉంటే నెత్తురనుకుని అత్తను పిలిచాను.

"ఏటే అది? రోగం ఎలకని ఇంట్లో ఎట్టుకుంటావేటి? కంచె అవతల ఒగ్గేసి రా," అంది.

నేను ఒగ్గెయ్యలేదు. ప్రేమ అని చెప్పలేను. రోజూ చేసే పనుల్లో దాని పని ఒకటి, అంతే.

సెలవు రోజున దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, కంచె బయట ఉన్న ఎస్టేటు ఆసుపత్రికి బయలుదేరాను. అడవిలో ఉన్నవాళ్ళకు చేరుతుందని అప్పట్లో గుప్పెడు అన్నం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. మలాయ్ పోలీసు మూత తీసి వెనక్కి తగ్గాడు.

"తికుస్!" అన్నాడు. ఎలుక అని.

"సాకిత్," అన్నాను, జబ్బు చేసిందని.

అతను వంగి ఆ ఊపిరి చప్పుడు కాసేపు విన్నాడు. వాళ్ళమ్మకూ ఇలాగే ఉంటుందని చెప్పి, మూత పూర్తిగా వెయ్యొద్దని పంపించాడు.

ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సర్ అరవాయన. ముక్కు దగ్గరిది నెత్తురు కాదు, జబ్బు చేస్తే కారే రసం, ఇది నయమయ్యేది కాదన్నాడు. వంటపొగ తగలనివ్వకు, పెట్టెలో రంపపు పొట్టు తీసేసి పాతగుడ్డలు వెయ్యి, ఆయాసం ఎక్కువైతే వేడినీళ్ళ ఆవిరి పట్టు అన్నాడు. అన్నీ చేశాను. కొన్నాళ్ళు తేలిగ్గా ఉండేది, మళ్ళీ మొదలయ్యేది.

ఒక మధ్యాహ్నం నేను రబ్బరు పాలు తూకం వేయించి వచ్చేసరికి అత్త పెట్టె ముందు కూర్చుని ఉంది. పెట్టె మీద దుప్పటి, పక్కన ఆవిరి గిన్నె. ఘాటు వాసన. ఎలుక ఆపకుండా తుమ్ముతోంది.

"ఏటత్తా ఇది?"

"నీలగిరి తైలం ఏసినాను. నా కొడుక్కి సిన్నప్పుడు రొంప పడితే ఇలాగే సేసినాను."

ఆయన పోయాక కొడుకు మాట ఎత్తడం అదే మొదలు. నాకు ఏదో అనిపించాలి. ఏమీ అనిపించలేదు.

"తైలం పడదత్తా. ఉత్తి నీళ్ళు సాలు."

ఆవిడ గిన్నె పారబోసి, వేరే నీళ్ళు కాచి తెచ్చింది. అప్పట్నించి ఇద్దరం చూసుకున్నాం.

మెర్డెకా నాడు, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున, జెండాలు కట్టిన లారీ బంటింగ్‌కు బయలుదేరింది. "నువ్వెల్లు, దీన్ని నాను సూస్తాను," అంది అత్త. నేను వెళ్ళలేదు. గంజి వేలితో తీసి దాని నోటికి అందిస్తూ ఉన్నాను. లారీలోవాళ్ళ కేకలు దూరమయ్యాయి.

ఆ తర్వాత వానలు పడ్డాయి. ఒకనాడు పగటిపూట అత్త ఒళ్ళో గుడ్డల మధ్య దాని డొక్కలు ఎగరడం ఆగిపోయింది. అత్త కాసేపు చూసింది. "నా కొడకా," అని గట్టిగా ఏడ్చింది. పక్కిళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చి, ఎవరు పోయారో తెలియక గుమ్మంలో నిలబడిపోయారు.

ఎలుకను పెరట్లో పూడ్చాను. గుడ్డలు ఉతికి కంచె మీద ఆరేశాను. నాకు ఏడుపు రాలేదు. అత్త సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది. చీకటి పడేవేళకు అన్నం వండి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తింది. నేనూ తిన్నాను.