వాగొడ్డున మొరాయించిన ఇంజను

ముందురోజు నాటిన మిరప నారు అప్పుడే తలలు వాల్చేసింది. పొద్దు నెత్తికెక్కేలోగా నీళ్లు అందకపోతే చేనంతా పోయినట్టే. బొగ్గుబాయిలో పని మానేశాక నాన్న అడవి అంచున కౌలుకు పట్టిన మొదటి చేను అది. కరెంటు లైను అక్కడిదాకా లేదు. వాగు నీళ్లు తోడడానికి చిన్న పెట్రోల్ ఇంజను ఒకటి కొన్నాడు.

ఆ ఇంజను ఆ పొద్దున నా ప్రాణాలు తోడేసింది. తాడు లాగితే స్టార్టయ్యేది, నాలుగు సాళ్లు తడవకముందే దగ్గి ఆగిపోయేది. పెట్రోల్ అయిపోయిందేమోనని నాన్న మూత తీసి చూసేవాడు. ఉండేది. మూత బిగించి లాగితే మళ్లీ మోగేది, మళ్లీ ఆగేది. కట్టుకున్నవాడు కూడా నన్ను ఇంతగా సతాయించలేదు.

కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉన్నాను. చేను పక్క మా గుడిసెలో నా పసిపాప నిద్రపోతోంది, ఎప్పుడు లేచి ఏడుస్తుందో తెలియదు. అమ్మ "ప్రభువా, ప్రభువా" అంటూ బిందెతో వాగుకూ చేనుకూ మధ్య తిరుగుతోంది. బిందెడు నీళ్లు ఏ మూలకు వస్తాయి!

"ప్లగ్గు కరాబైనట్టుంది. ఖమ్మం పోయి మెకానిక్‌ను తీస్కొస్త," అన్నాడు నాన్న.

"నువ్వొచ్చేసరికి నారు ఎండిపోతది నాన్నా. జర నన్ను సూడనియ్యి."

పెళ్లికి ముందు మోపెడ్ నడిపినదాన్ని. అది దారిలో ఆగినప్పుడల్లా బాగుచేసుకున్నది నేనే. ప్లగ్గు విప్పి తుడిచాను, నిప్పురవ్వ బాగానే వచ్చింది. తర్వాత కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి కింద గ్లాసు పెట్టాను. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. పైపు ఊదాను, అడ్డమేమీ లేదు. విసుగొచ్చి ట్యాంకు మూత వదులు చేశాను. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది, వెంటనే గ్లాసులోకి ధార దూకింది.

మూత తిప్పి చూశాను. గాలి ఆడడానికి ఉన్న సన్నని బెజ్జంలో ఎవరో సబ్బు కూరారు. లోపలికి గాలి అందకే పెట్రోల్ దిగడం లేదు, నాన్న మూత తీసినప్పుడల్లా ఇంజను మళ్లీ మోగిందీ అందుకే.

"ఎవరు పెట్టిన్రు గిది?" అని అరిచాను.

"నేనే బిడ్డా," అన్నాడు నాన్న. "దొంగల భయానికి ఇంజన్ గుడిసెల పెడ్తున్నం గదా. నిన్న సూస్తే ఆ బెజ్జంలకెళ్లి వాసనొస్తుంది. పక్కనే పసిపిల్ల. గ్యాస్ అంటే ఏందో బొగ్గుబాయిల సూసిన్నమ్మా నేను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. జడపిన్నుతో సబ్బంతా గోకి, పైపు తగిలించి, తాడు లాగాను. ఈసారి ఇంజను ఆగలేదు. పొద్దు నెత్తికెక్కేలోగా చివరి సాలు దాకా నీళ్లు పారాయి.

"బెజ్జం ఇగ తెరిచే ఉండాల్నా?" అని అడిగాడు నాన్న.

"అవ్."

నాన్న గుడిసెలోకి వెళ్లి తన మంచం మోసుకొచ్చి ఆరుబయట వేశాడు. ఇక నుంచి ఇంజనూ తనూ అక్కడేనట.

"వానొస్తే ఎట్ల నాన్నా?"

"రానియ్యి బిడ్డా," అన్నాడు. "నారు బతుకుతది."