పొట్ట ఫొటో లేని కప్ప

బొల్లాపల్లిలో మా పిన్ని వాళ్ల ఇంటి వెనక నీళ్ల తొట్టి ఉంది, దాని పక్కన బట్టలుతికే బండ. వర్క్ ఫ్రం హోమ్ అని హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడ ఉన్న రోజుల్లో సిగ్నల్ కోసం ఆ తొట్టి గట్టెక్కి కూర్చునేవాణ్ణి. అప్పుడు కనపడింది, బండ కింద తడిలో, బొటనవేలి గోరంత కప్ప. మట్టి రంగు. వీపు మీద సన్నగా ఒక గీత.

ఫొటోలు తీసి, కప్పల్ని గుర్తుపట్టే ఆన్‌లైన్ గ్రూపులో పెట్టా. వీపు చూసి చెప్పలేమన్నారు. పొట్ట కావాలి, గొంతు కింద రంగు కావాలి, కుదిరితే అరుపు కూడా రికార్డ్ చెయ్యమన్నారు. ఒకాయన మాత్రం "ఇది మీ వైపు ఎవరూ చూసింది కాదేమో, వదలొద్దు" అని రాశాడు. ఆ ఒక్క మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

వానొస్తేగానీ అరవదు. వాన జాడే లేదు. పోనీ పొట్ట తీద్దామంటే, దాన్ని చేత్తో పట్టుకోవాలంటేనే నాకు ఒళ్లు జలదరిస్తది. అన్నం తింటూ పిన్నికి చెప్పా.

"కప్ప పొట్టతో నీకేం పనిరా? ముందు నీ పొట్ట నింపుకో" అని ఇంకో గరిటె పప్పు వేసింది.

అడుగు నుంచి కనపడే డబ్బాలో వేసి కింద నుంచి తీయొచ్చని గ్రూపులోనే ఎవరో చెప్పారు. పిన్ని ఇంట్లో అన్నీ స్టీలు డబ్బాలు. పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేట పోయి, ప్లాస్టిక్ డబ్బా కోసమే మైసూర్‌పాక్ కొన్నా. దార్లోనే తినేసి, డబ్బా కడిగి పట్టుకొచ్చా.

వచ్చేసరికి వీధిలో పాటలు. ఇద్దరు ఆడవాళ్ల భుజాల మీద రోకలి, దానికి వేపమండలు, మధ్యలో తడిగుడ్డ మూట. కప్పతల్లి! వాన పడకపోతే కప్పని అట్లా కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ప్రతి వాకిట్లో దాని మీద నీళ్లు పోస్తారు. వేసిన పత్తి గింజలు ఎండిపోతున్నాయని పిన్ని నాలుగు రోజుల్నుంచి దిగులుగానే ఉంది.

అనుమానమొచ్చి పెరట్లోకి పోయి బండ కింద చూశా. ఖాళీ. వీధిలోకి పరిగెత్తా. పాడే వాళ్లలో పిన్ని కూడా ఉంది.

"పిన్నీ, ఆ కప్ప యాడిది?"

"మన బండ కిందదేరా. పెద్దవి ఒక్కటీ దొరకలా. నువ్వు బోలెడు ఫొటోలు తీశావుగా."

"ఇది కప్పా, జోరీగా? దీనికి వాన కాదు గదా, తుంపర కూడా రాదు" అంది ఎదురింటి అత్త. అందరూ నవ్వారు.

నాకు మండిపోయింది. "అదేంటో మీకసలు తెలుసా? వీడియో తీసి పెడతా, అందరి మొకాలు కనపడేలా!" అని ఫోనెత్తా.

"తియ్యి నాయనా, నా ముక్కుపుడక పడేట్టు తియ్యి" అంది అత్త.

పిన్ని నవ్వలా. రోకలి దించమంది. మూట విప్పి నా ముందుకొచ్చి నిలబడింది. నేను అరుస్తానే ఉన్నా. కాసేపు చూసి, గుప్పిట మూసుకొని పోయి, ఊరి చివర బోరు కాలవలో దాన్ని వదిలేసి వచ్చింది. మిగతా ఇళ్లకి కప్పతల్లి పోనే లేదు.

సాయంత్రం, కోపం దిగాక వీడియో చూశా. స్క్రీన్ నిండా పిన్ని మొకం. నా కేకల కింద సన్నగా ఆమె గొంతు: "నన్ను కాదురా, దీన్ని తియ్యి. నీకు పొట్టేగా కావాల్సింది." చివర్లో, స్క్రీన్ అడుగున, తెల్లగా ఏదో కదిలింది. తడి అరచేతిలో కప్పని వెల్లకిలా పెట్టి, పట్టుకొని నిలబడింది, నాకోసం.

ఆ ముక్క ఆపి గ్రూపులో పెట్టా. మసగ్గా ఉంది, తేల్చలేమన్నారు. బోరు కాలవ వెంబడి తిరిగా, బండ కింద రోజూ చూశా. మళ్లీ కనపడలా. ఖాళీ డబ్బాతోనే హైదరాబాద్ వచ్చేశా.

తర్వాత ఒక సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది.

"వానొచ్చిందిరా! చేలో చిన్న కప్పలు ఒకటే అరుపులు. నీది కూడా ఉంటది, ఇను" అని ఫోను చేను వైపు పెట్టింది.

ఏమీ లేదు. బయటి గోల వినపడకుండా ఈ ఫోన్లు ఆపేస్తాయిగా, కప్పల అరుపుల్ని కూడా ఆపేశాయి. పిన్ని ఊపిరి మాత్రం వినపడతా ఉంది.

"వినపడతందా?"

"ఆఁ పిన్నీ" అన్నా. "ఇంకాసేపు పెట్టు."