ఆర్ఫమ్మ ఇంటి చిమ్నీ

ఆర్ఫా విట్కమ్ మా వెర్మాంట్ కొండల్లో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. పిల్లలు గోల చేస్తే తిట్టేది కాదు. బస్సు పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, అల్లిక తీసుకుని కూర్చునేది. "నాకేం తొందర లేదు, ఇంటికి పోవాల్సింది మీరే" అనేది. నేనూ ఆ బస్సులో పెరిగినవాణ్ణే. ఇళ్లలో చలికాచుకునే పొయ్యిలు బిగించే పనిలో ఇరవై ఏళ్లు ముదిరాక కూడా ఆవిడ ముందు నా గొంతు లేచేది కాదు. ఒక్కసారే లేచింది. లేవకుండా ఉంటే బాగుండేది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. రాతి గనుల్లో దుమ్ము తిని ఊపిరితిత్తులు పాడైన తమ్ముడు ఆల్డెన్‌ని ఇంట్లో పెట్టుకుని చూసుకునేది. ఈ చలికాలం గది వెచ్చగా లేకపోతే అతను గట్టెక్కడని డాక్టరు చెప్పాడు. ఆ గది గోడలో పాతకాలపు ఇటుక మంటగూడు ఒకటి ఉంది. బండెడు కట్టెలు మింగి వేడంతా ఆకాశానికి ధారపోసేది. అక్టోబరులో నాకు కబురు పెట్టింది.

"విడిగా నిలబెట్టే పొయ్యి పెట్టు, వెర్నన్. పొగగొట్టం గోడలోంచి బయటికి తియ్యి. ఆ గూడు జోలికి మాత్రం పోకు."

"ఇంత చిన్న గదిలో అది పెడితే ఆల్డెన్ కుర్చీ ఎక్కడ వేస్తారు, నా నెత్తిమీదా? గోడకీ దానికీ మధ్య మూడడుగులు వదలాలి. గూట్లోనే ఇమిడిపోయే ఇనపపొయ్యి, ఇన్సర్ట్ అంటారు, అది పెట్టుకోండి. జానెడు చోటు పోదు."

"దానికి చిమ్నీ అడుగుభాగం విప్పాలిగా?"

"విప్పితే ఏమవుతుంది?"

"లోపల బూటుందిరా."

మా వైపు పూర్వం ఇల్లు కట్టేటప్పుడు చిన్నపిల్లల బూటొకటి చిమ్నీ లోపలి అరమీద పెట్టేవాళ్లు. పైనుంచి దిగివచ్చే గాలీధూళీ ఏదైనా దాని దగ్గరే ఆగిపోతుందని నమ్మకం. కదపకూడదు. ఇది నాకూ తెలుసు. తెలిసే నవ్వాను.

"బూటు వెచ్చదనం ఇవ్వదు, ఆర్ఫమ్మా! మీ పిచ్చి నమ్మకానికి తమ్ముణ్ణి బలిపెడతారా?" అని అరిచాను. ఆవిడ ఆల్డెన్ వైపు చూసింది. అతని దగ్గు తెరిపిచ్చేదాకా ఆగి, సరేనంది.

బూటు దొరికింది. నా అరచేతిలో పట్టేంత ఉంది, తోలు ఎండి బిరుసెక్కింది. ఆవిడ కంటపడితే పని ఆపేయిస్తుందని మసి బకెట్లో పడేసి, ఊరి చెత్తకుప్పలో పారబోశాను. ఇన్సర్ట్ దూర్చి, చుట్టూ చీమ దూరే సందు లేకుండా మూసేశాను. గది నిజంగానే వెచ్చబడింది. డిసెంబరంతా నా అంతవాడు లేడనుకుంటూ తిరిగాను.

జనవరిలో ఆర్ఫమ్మ ఫోను చేసింది. వెళ్లేసరికి పొయ్యి భగభగ మండుతోంది. అడుగుపెట్టగానే నాకు చెమట పట్టింది. కుర్చీలో కూర్చున్న ఆల్డెన్ నోట్లోంచి మాత్రం మంచులో నిలబడ్డవాడికి వచ్చినట్టు ఆవిరి వస్తోంది.

"నా పక్కన ఎవరో నిలబడుతున్నారు, వెర్నన్. చెడ్డదేం కాదులే. బయటికి పోదామని చూస్తోంది పాపం. దారి నువ్వు మూసేశావుగా," అన్నాడు ఆల్డెన్.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చిమ్నీ విప్పిన రోజు నుంచీ."

ఆర్ఫమ్మ నా వైపు తిరిగింది. "బూటేదిరా?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే గూడు తెరువు," అంది. "దాని దారిన దాన్ని పోనీ. విడి పొయ్యే పెడదాం. చోటు చాలకపోతే ఈ గదిలోని నా మంచం వంటింట్లో వేసుకుంటా."

మంట ఆర్పి, చల్లారాక, మధ్యాహ్నానికి ఇన్సర్ట్ బయటికి లాగాను. చిమ్నీ గాలి లాగుతోందో లేదో చూడటానికి అగ్గిపుల్ల గీసి గూటి ముందు పట్టుకోవడం మా పనివాళ్ల అలవాటు. గీశాను. పక్కనుంచి మనిషి దాటితే దీపం ఊగినట్టు మంట లోపలికి ఒరిగి, మళ్లీ నిటారుగా నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకోసారి ఒరిగింది.

వెనకాల అప్పటిదాకా వినిపిస్తున్న ఆల్డెన్ దగ్గు ఆగిపోయింది.

ఆర్ఫమ్మ తల తిప్పి తమ్ముణ్ణి చూడలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"మూసెయ్యరా, తొందరగా మూసెయ్యి. వాడింకా ఎంతో దూరం పోయుండడు."

రెండు చేతులతో పొయ్యిని మళ్లీ గూట్లోకి నెట్టాను.