నేను బాగుందన్న కారు

సరూర్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో నల్లగొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఇంటాయన సెంట్రింగ్ పని చేస్తూ జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇక బరువులెత్తలేక డ్రైవింగ్ నేర్చుకున్నాడు. పాత కారొకటి కొనుక్కుంటే, ఒక ఆఫీసుకి ఉద్యోగుల్ని దింపే పని ఇస్తామన్నారు.

"మీకు కారుంది, మీకు తెలుస్తది సార్. జర ఒచ్చి చూడుర్రి," అన్నాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ మాట చెప్పకుండానే వెళ్లాను.

ఎల్బీనగర్‌లో కార్లమ్మే బ్రోకరు, "డాక్టర్ సాబ్ నడిపిన బండి సార్. ఏడ తగల్లే, నీళ్లల్ల మునగలే," అన్నాడు. బానెట్ ఎత్తించి చూశాను. లోపల కూర్చుంటే అత్తరు వాసన మాటున తడిసిన గోనెసంచి వాసన తగిలింది. అందరూ నా మాట కోసం నిలబడి ఉన్నారు. ఆ పెద్దరికం నాకు బాగుంది.

"బాగుంది, తీసుకోండి," అన్నాను. అమ్మకం కాగితం మీద సాక్షి సంతకం కూడా పెట్టాను.

మూడో నెలలో అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక, ఉద్యోగులతో వెళ్తుండగా హైవే మధ్యలో కారు ఆగిపోయింది. వెనక వస్తున్న లారీ త్రుటిలో తప్పించుకుపోయింది. మర్నాటి నుంచి ఆఫీసువాళ్లు అతన్ని రావద్దన్నారు. మెకానిక్ కార్పెట్ లేపి ఎండిన బురద చూపించాడు. "వరదల మునిగిన బండి గిది. వైరింగ్ మొత్తం పోయింది. ఎన్నిసార్లు చేసినా గింతే."

ఇద్దరం బ్రోకరు దగ్గరికి వెళ్లాం. "ఓనర్ చెప్పిందే నేను చెప్పిన. అయినా మీ సారే చూసి బాగుందన్నడు గదా," అన్నాడు.

పాత ఓనర్ ఇంటికి వెళ్తే, ఆయన గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. "మునిగిందని చెప్పే అమ్మానండీ. తర్వాత వాళ్లేం చెప్పుకున్నారో నాకేం తెలుసు?"

పోలీస్ స్టేషన్‌లో కాగితం చదివారు. 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అని రాసి ఉంది. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లమన్నారు.

బయట టీ కొట్టు దగ్గర ఇక ఆగలేక చెప్పేశాను. "ఆ రోజు నాకు తడి వాసన వచ్చిందండీ. చెప్పలేదు."

అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకు గూడ ఒచ్చింది సార్. మీరు ఏమన్లేదని నేను ఊకున్న."

తిట్టినా బాగుండేది. నేనే దగ్గరుండి కన్స్యూమర్ కోర్టులో అతని పేరు మీద ఫిర్యాదు రాసి పెట్టించాను. మొదటి రెండు వాయిదాలకూ బ్రోకరు రాలేదు. ఈలోగా వాళ్లు వాటా ఖాళీ చేసి అల్మాస్‌గూడ వెళ్లారు. అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో అతనికి వాచ్‌మన్ పని దొరికింది. మూడో వాయిదా ముందురోజు ఫోన్ చేశాను.

"సెలవియ్యరు సార్. ఇగ వదిలేద్దాం," అన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లాను. ఫిర్యాదుదారు ఎక్కడని అడిగారు. రాలేదన్నాను. కేసు కొట్టేశారు.