ఐతారం దవాఖాన

మెడికల్ కాలేజీలో "మంచి కేసు" అంటే రోగి పరిస్థితి బాగాలేదని అర్థం. ప్లీహం ఎంత ఉబ్బితే అంత మంచి కేసు. ఎవరు మొదలుపెట్టారోగానీ, ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

బాన్సువాడ మార్కెట్ వెనక ఒక విత్తనాల దుకాణం ఉంది. ఆదివారం మూసే ఉంటుంది కాబట్టి యజమాని మాకు తాళంచెవి ఇచ్చేవాడు. యూరియా బస్తాలు ఒక పక్కకు నెట్టి, పాత చీర అడ్డం కట్టి, రెండు బెంచీలు కలిపి మంచంలా చేసి, మెడికల్ స్టూడెంట్లమే అక్కడ ఉచిత వైద్యం నడిపేవాళ్లం. మిగతావాళ్లు నిజామాబాద్ నుంచి మొదటి బస్సుకు వచ్చి దిగేవారు. మాది పక్కనే బీర్కూర్ కాబట్టి నేను ముందురోజే ఇంటికొచ్చి, అమ్మ చేతి తిండి తిని వచ్చేదాన్ని. జూనియర్లు టోకెన్లిచ్చి బీపీ చూసేవారు. ఆ పై ఏడాదివాళ్లు జబ్బు వివరాలు అడిగేవారు. ఇంటర్న్‌లం పరీక్ష చేసేవాళ్లం. చివర్లో, రిటైరైన ఒక పెద్ద డాక్టరు చూసి మందులు రాసేవారు. ఆయన్ని సార్ అనేవాళ్లం. వెళ్లిపోయే ప్రతి మనిషికీ "ఏమున్నా మా దగ్గరికే రండి" అని చెప్పడం మాకు అలవాటైంది. ఆ మాట అన్నప్పుడల్లా మనసుకు హాయిగా ఉండేది.

అలా వచ్చేవాళ్లలో ఒకామెది పెద్ద కొడప్‌గల్ వైపు తండా. పాతికేళ్లుంటాయేమో. నాట్లకు, కలుపుకు కూలికి పోయేది. చిన్న కూతురుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని మొదటిసారి భర్తతో వచ్చింది. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందట. అది అప్పుడే గుండెను పట్టుకుంది. లోపల ఒక కవాటం ఇరుకైపోయింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి స్టెతస్కోప్ పెడితే, రెండు చప్పుళ్ల నడుమ మెల్లగా గరగరమని ఒక శబ్దం వినిపిస్తుంది. పుస్తకంలో ఎలా రాసుందో అచ్చంగా అలాగే.

సార్ విని, ఆమెకు ఒంట్లో నీరు తీసే మాత్రలు రాశారు. హైదరాబాద్ పోతే బెలూన్‌తో కవాటం వెడల్పు చేస్తారని, సర్కారు కార్డు మీద ఖర్చు ఉండదని భర్తకు చెప్పి చిట్టీ ఇచ్చారు. మాకేమో అంతకంటే మంచి కేసు దొరకలేదు. అందరం వరుసకట్టి విన్నాం. మరుసటి ఆదివారం ఆమె మాత్రలకు వస్తే కొత్తగా వచ్చిన జూనియర్లు విన్నారు. ఆ తర్వాతి వారం ఇంకో జట్టు.

ఆమె ఒక్క వారమూ తప్పలేదు. తలకు నూనె రాసుకుని, ఉతికిన జాకెట్ తొడుక్కుని వచ్చేది. ఎవరూ చెప్పకముందే ఎడమ పక్కకు తిరిగి ఊపిరి బిగపట్టేది. తడబడే జూనియర్‌కు వేలితో చూపించి, "గీడ పెట్టు తమ్మీ" అనేది. అందరం నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది.

ఒక ఆదివారం నేను అడిగాను. "అక్కా, హైదరాబాద్ ఎప్పుడు పోతున్నరు?"

"ఇగ ఎందుకు చెల్లె? మీరు సూస్తుండ్రు గదా. జర నయమే అయితుంది" అంది. ఆ నయం మాత్రల వల్ల వచ్చింది. "బయట డాక్టర్ తానికి పోతే ఒక్కడే పెడ్తడు. గీడ పదిమంది పెడ్తుండ్రు. గింత ఇలాజ్ ఇంకెవ్వలు జేస్తరు?"

చెవులకు పెట్టుకుని వినడమే మేము చేసే వైద్యమని ఆమె నమ్మింది. ఎంతమంది వింటే అంత మందు పడ్డట్టు. మేము వెలిగిపోతున్న ముఖాలతో ఆమె చుట్టూ మూగుతుంటే ఇంకేం అనుకుంటుంది?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను అందరి మీదా ఎగిరాను. ఆమె గుండె మన ప్రాక్టికల్ పరీక్ష కాదని అరిచాను. నా తోటి ఇంటర్న్ ఒకడు తాపీగా, "వినకపోతే రేపు ఎట్ల గుర్తుపడ్తం?" అన్నాడు. అదీ నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఆ వారం నుంచి ఆమె గుండె సార్ తప్ప ఎవరూ వినకూడదని గట్టిగా చెప్పేశాను. మరుసటి ఆదివారం ఆమె ఎప్పటిలాగే బెంచీ మీద పడుకుని, ఎవరూ రాకపోయేసరికి లేచి కూర్చుంది. "నా మీద కోపమొచ్చిందా చెల్లె?" అని అడిగింది.

భర్తను కూడా పిలిచి, ఇద్దరికీ విడమరిచి చెప్పాను. కాలువ తూము ఇరుకైతే నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్నినట్టు, నెత్తురు ఊపిరితిత్తుల్లోకి తన్నుతోందని, మాత్రలతో తూము వెడల్పు కాదని చెప్పాను. ఆమె అంతా విని, "మరి గిన్ని దినాలు మీరు జేసిందేంది?" అంది. నిష్ఠూరం కాదు, తెలియక అడిగింది.

భర్త ఒప్పుకున్నాడు. కాకపోతే తండా ఆడవాళ్లంతా కలిసి నాట్లు గుత్తకు పట్టారు, అవి కాగానే పోతామన్నాడు. బురదలో వంగి నాటితే ప్రాణం మీదికి వస్తుందని ఎంత మొత్తుకున్నా, "మందిల ఒప్పుకున్నం గదమ్మా" అన్నాడు. సార్ హైదరాబాద్‌లో తెలిసినవాళ్లతో మాట్లాడి, నాట్లయ్యాక ఒక సోమవారం ఖాయం చేశారు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం, లైనులో తర్వాతి మనిషిని పిలవడానికి బయటికొచ్చాను. గోడకు ఆనుకుని భర్త కూర్చున్నాడు. ఆయన భుజం మీద ఆమె తల. పెదవులు నీలంగా ఉన్నాయి. మూతి దగ్గర ఎర్రటి నురగ. ఆయన చేతిలో టోకెన్ ఉంది. తన వంతు కోసం చూస్తున్నాడు.

ఉన్న ఇంజక్షన్ ఇచ్చి, ఆటోలో ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టర్లు చేయగలిగినదంతా చేసి, అంబులెన్సులో నిజామాబాద్ పంపారు. నేనూ ఎక్కాను. ఊరు దాటిన కాసేపటికే ప్రాణం పోయింది. ఆ చివరి చప్పుడు విన్నది కూడా నేనే.

"ఎప్పటి నుంచి ఆయాసం అన్నా?" అని అంబులెన్సులోనే ఆమె భర్తను అడిగాను.

"బేస్తారం నుంచి."

"మూడు దినాలాయె! బాన్సువాడల పెద్ద దవాఖాన ఉంది గదా! రోజూ ఉంటది గదా!"

"ఉంటది. ఆళ్లకు దీని గుండె ఎర్క లేదు గదమ్మా. మీకైతే ఎర్కే. ఐతారం దాకా ఓర్సుకో అన్న. ఓర్సుకుంది."

కొన్నాళ్లకు ఆయన మళ్లీ వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననే అనుకున్నాను. ఆయన చేతులు జోడించాడు. "మా తండల ఎవ్వలకు గింత సూపు దక్కలేదు" అన్నాడు. వెనక ఆయన చొక్కా పట్టుకుని కూతురు నిలబడి ఉంది. "బిడ్డను గూడ జర సూడుండ్రి" అన్నాడు.

బెంచీ మీద పడుకోబెట్టి విన్నాను. మళ్లీ విన్నాను. ఎక్కడా గరగర లేదు. "మంచిగుంది అన్నా, ఫికర్ లేదు" అన్నాను.

ఆయన కదల్లేదు. "మీరు ఒక్కరే ఇన్నరు గదమ్మా" అన్నాడు. "మిగిలినోళ్లను గూడ పిలువుండ్రి."